ముప్పై ఎనిమిది ఫుట్‌నోట్లు

నంద్యాలలో టైపు కొట్టేవాళ్లకు ఏనాడూ కొదవ లేదు. కోర్టు దగ్గర, తాలూకాఫీసు దగ్గర బల్లలు వేసుకుని అర్జీలూ అఫిడవిట్లూ టపటపా కొట్టి పారేసే మొనగాళ్లు పదిమంది ఉండేవాళ్లు. కానీ ఫుట్‌నోట్లున్న కాగితం ముందు పెడితే చాలు, అంతటి మొనగాళ్లూ చేతులు ముడుచుకునేవాళ్లు. ఆదినారాయణ ఇన్‌స్టిట్యూట్‌కు పొమ్మనీ, అక్కడ కృపావతమ్మ ఉంటుందనీ చెప్పి పంపేవాళ్లు.

ఫుట్‌నోట్ అంటే ఏముంది, పేజీ అడుగున చిన్న గీత కొట్టి, దాని కింద "పైన చెప్పిన సంగతి నాకు ఫలానా పుస్తకంలో, ఫలానా పేజీలో దొరికింది" అని ఒప్పుకోవడం. చదివేవాళ్లలో నూటికి తొంభై మంది దాని మొహం చూడరు. కొట్టేవాళ్లకు మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. టైపు మిషన్‌కు ముందుచూపు లేదు కదా. పైన ఎన్ని వరసలు కొట్టాలి, అడుగున నోట్లకు ఎన్ని వరసలు వదలాలి అన్నది కాగితం ఎక్కించక ముందే తెలుసుకోవాలి. ఒక్క వరస తక్కువ వదిలితే ఆఖరి నోటు కాగితం దాటి రోలర్ మీద పడుతుంది. ఐదు కార్బన్లతో కొట్టిన పేజీ అట్లాగే చింపి పారేయాలి.

కృపావతి దానికొక ఉపాయం కనిపెట్టింది. కొంచెం వెడల్పు కాగితం అంచున పెన్సిల్‌తో కింది నుంచి పైకి అంకెలు వేసి, దాన్ని అన్నిటికన్నా వెనక పెట్టి ఎక్కించేది. ఆ అంచు పక్కన బయటికి కనపడుతూ, ఇంకా ఎన్ని వరసలు మిగిలాయో చెప్పేది. నోటు అంకె కొట్టేటప్పుడు రోలర్‌ను అర వరస కిందికి తిప్పి, అంకె కొట్టి, మళ్లీ అర వరస వెనక్కి. అడుగు గీతకు సరిగ్గా ఇరవై దెబ్బలు. ఏ పేజీ తీసి చూడండి, ఇరవయ్యే. ఇదంతా ఎవరూ నేర్పింది కాదు. ఆళ్లగడ్డలో పదకొండో తరగతి అయ్యాక డెబ్భై ఒకటిలో నంద్యాలకు వచ్చి, టైపు లోయరూ హయ్యరూ పరీక్షలు పాసై, అదే ఇన్‌స్టిట్యూట్‌లో ఉండిపోయిన పిల్ల తనంతట తాను పట్టుకున్న విద్య. పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే, పని ఉందని మిషన్ వైపు తిరిగేది. తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజుల్లో లెక్చరర్లకు డాక్టర్ కావాలనే జబ్బు పట్టుకుంది. నంద్యాల వాళ్లే కాదు, బనగానపల్లె నుంచి కూడా చేతిరాత థీసిస్ సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేవాళ్లు. క్లాసులో పిల్లల్ని గడగడలాడించే సార్లు కృపావతి ముందు పిల్లుల్లా కూర్చునేవాళ్లు. ఒకాయన అంతా కొట్టడం అయిపోయాక వచ్చి, పన్నెండో పేజీలో ఒక నోటు కలపమన్నాడు. ఒకటి కలిపితే దాని వెనక ఉన్న అంకెలన్నీ మారతాయి, అరవై పేజీలు మళ్లీ కొట్టాలి అని ఆమె చెప్పింది. ఆయన కాసేపు బతిమాలాడు. చివరికి ఆ నోటు లేకపోయినా కొంపలేం మునగవని ఆయనే ఒప్పుకుని పోయాడు. టైపు మిషన్ మీద ఒకసారి పడిన నోటు అంత గట్టిది. దాన్ని తీయాలన్నా చేర్చాలన్నా మనిషి పది సార్లు ఆలోచించాలి.

కృపావతి తండ్రి సంజీవయ్య ఆళ్లగడ్డలో క్రైస్తవ మిషన్ వాళ్ల బడిలో అయ్యవారు. ఎలిమెంటరీ పిల్లలకు ఎక్కాలు చెప్పే మనిషి. కానీ ఆయనకొక పిచ్చి ఉండేది. బడికి సెలవు వస్తే చాలు, చెప్పులేసుకుని రుద్రవరం వైపు పల్లెలకు నడిచిపోయేవాడు. కూలీనాలీ చేసుకునే ముసలివాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల అమ్మానాన్నలు చెప్పిన, దొరల కాలపు పెద్ద కరువు సంగతులు రాసుకునేవాడు. కరువు పనుల్లో రాళ్లు కొట్టింది ఎవరు, గంజి తొట్టి దగ్గర తొక్కుడులో చచ్చింది ఎవరు, ఏ ఇంట్లో ఎంతమంది పోతే ఎంతమంది మిగిలారు, పేరు పేరునా రాసేవాడు. ముప్పై ఏళ్లలో పదకొండు నోటు పుస్తకాలు నిండాయి. పుస్తకం మారినా పేజీ అంకె మాత్రం వరసగా నడిపించాడు, ఒకటి నుంచి ఎనిమిది వందల దాకా.

వాళ్లందరికీ ఆయన ఒక మాట ఇచ్చాడు. మీరు చెప్పింది ఎప్పటికైనా అచ్చు పుస్తకంలోకి ఎక్కుతుంది, కింద నా పేరుంటుంది, ఎవరైనా ఇది నిజమేనా అని అడగడానికి వస్తే నా దగ్గరికి వస్తారు, నేను మీ పేర్లు చూపిస్తాను అని. బతికినంత కాలం సంజీవయ్యకు ఉన్న కోరిక అదొక్కటే. ఆ కోరికకు ఎవరు దిక్కు? ఎక్కాల అయ్యవారి రాతలు అచ్చు వేసేదెవరు?

డెబ్భై ఆరులో చెన్నకేశవులు వచ్చాడు. రుద్రవరం దగ్గర పెద్ద సేద్యం ఉన్న ఇల్లు వాళ్లది. నంద్యాలలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. కరువు మీదే పీహెచ్‌డీ చేస్తున్నాడట. ఎవరో చెబితే వెతుక్కుంటూ మాలపల్లెలో సంజీవయ్య ఇంటికి వచ్చి, బెంచీ మీద కూర్చుని, కృపావతి తల్లి హన్నమ్మ ఇచ్చిన మంచినీళ్లు గటగటా తాగాడు. చెన్నకేశవులు ఇంటి మనుషులు ఆ పల్లెలో నీళ్లు తాగడం అంతకుముందు ఎవరూ చూసింది లేదు. సంజీవయ్య ఆ సంగతి నెల రోజులు చెప్పుకున్నాడు. నీళ్లు తాగిన మనిషి పోయేటప్పుడు పదకొండు నోటు పుస్తకాలూ స్కూటర్‌కు కట్టుకుని పోయాడు. చూసి ఇస్తానన్నాడు.

కాదనడానికి లేదు, సారు చాలా మర్యాదస్థుడు. కృపావతిని ఏనాడూ నువ్వొక టైపిస్టువి అన్నట్టు చూడలేదు. డెబ్భై తొమ్మిదిలో థీసిస్ రాసుకొచ్చి ఆమె చేతికే ఇచ్చాడు. "మీ నాయన లేకుంటే రెండో అధ్యాయమే లేదు కృపావతమ్మా" అన్నాడు. నిజమే. రెండో అధ్యాయంలో మొదటి మూడు నోట్లు గవర్నమెంటు రిపోర్టులు, నాలుగోది సారు ఏదో పత్రికలో రాసుకున్న తొమ్మిది పేజీల వ్యాసం. ఐదు నుంచి నలభై మూడు దాకా ముప్పై తొమ్మిది నోట్లూ సంజీవయ్య నోటు పుస్తకాలే. సారు తన ముత్యాల్లాంటి ఇంగ్లీషు రాతతో ప్రతి నోటులోనూ "సంజీవయ్య, నోటు పుస్తకాలు, ఆళ్లగడ్డ" అని పూర్తిగా రాసి, పక్కన పేజీ అంకె వేశాడు. ముప్పై తొమ్మిది సార్లూ రాశాడు.

కృపావతికి అది నచ్చలేదు. నాయన పేరు నచ్చకపోవడమా? కాదు. పద్ధతి నచ్చలేదు. యూనివర్సిటీ వాళ్ల నియమాల పుస్తకం ఆమెకు కంఠతా వచ్చు. ఒకే పుస్తకాన్ని వరసగా చెప్పాల్సి వస్తే మొదటిసారి పూర్తి పేరు రాయాలి, తర్వాత "ఇబిడ్" అని ఒక్క ముక్క కొట్టి పేజీ అంకె వేయాలి. ఇబిడ్ అంటే పైన చెప్పిందే అని. సొంత తండ్రి పేరని అన్నిసార్లు కొట్టిందని రేపు ఎవరైనా అంటే? ఆమె పని మీద అట్లాంటి మాట పడకూడదు. ఎర్ర పెన్సిల్ తీసుకుని, ఐదో నోటును మాత్రం వదిలి, మిగతా ముప్పై ఎనిమిదింటిలో పేరు కొట్టేసి, ఇబిడ్ అని రాసింది. సారుకు చూపిస్తే, నీకు తెలియనిదా అన్నాడు. అట్లాగే కొట్టింది. అంత శుభ్రమైన అధ్యాయం ఆమె చేతి మీదుగా అంతకుముందు రాలేదు.

ఆదివారం ఆళ్లగడ్డకు పోయినప్పుడు కార్బన్ కాపీ ఒకటి తండ్రికి చూపించింది. సంజీవయ్య ఐదో నోటు మీద వేలు పెట్టి తన పేరు చదువుకున్నాడు. తర్వాత కింద వరసగా ఉన్న ముక్క ఏందని అడిగాడు. ఆమె వివరంగా చెప్పింది. పైన ఉన్నాయనే మళ్లీ మళ్లీ అని అర్థం నాయనా, చానా గౌరవమైన మాట అంది. ఆయన ఆ ముప్పై ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ప్రతి దాని దగ్గరా తల ఊపాడు.

సారు డాక్టరయ్యాడు. సన్మానాలు జరిగాయి. థీసిస్ యూనివర్సిటీలో ఏదో బీరువాలోకి చేరింది. సారు దాన్ని పుస్తకంగా వేస్తాడని సంజీవయ్య ఎదురుచూడ్డం మొదలుపెట్టాడు. హన్నమ్మ పోయింది. తండ్రిని కృపావతి నంద్యాలకు తెచ్చుకుంది. పుస్తకం ఎప్పుడని అడిగితే సారు వేస్తానన్నాడు. నోటు పుస్తకాలు ఎప్పుడిస్తావని అడిగితే పుస్తకం వేసేటప్పుడు మళ్లీ చూసుకోవాలి గదా అన్నాడు. అట్లా తొమ్మిదేళ్లు గడిచాయి.

ఎనభై ఎనిమిదిలో కరుణాకర్ అనే కుర్రాడు స్టేషన్ దారిలో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. అద్దాల గది, చల్లగాలి మిషన్, చెప్పులు బయట విడిచి దేవుడి గదిలోకి పోయినట్టు పోవాలి. ఏడాది తిరిగేసరికి ఆదినారాయణ ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్ల మీద దుమ్ము పేరుకుంది. యజమాని ఆదినారాయణ కృపావతిని పిలిచి, నా గతి ఎట్లా ఉన్నా నీ దారి నువ్వు చూసుకోమ్మా అన్నాడు. ముప్పై ఆరేళ్ల వయసులో ఆమె కొత్తగా బడికి పోయే పిల్లలా కరుణాకర్ దగ్గర చేరింది.

మొదటి వారంలోనే పరువు పోయింది. గోస్పాడు నుంచి ఒకాయన ఎం.ఫిల్. కాగితాలు తెస్తే, ఆమె తనకు తెలిసిన పద్ధతిలోనే కొట్టింది. తెర మీద వరసలు లెక్కపెట్టి, అడుగున ఖాళీ వదిలి, ఇరవై దెబ్బల గీత కొట్టి, దాని కింద నోట్లు. చూడ్డానికి చక్కగా కుదిరింది. ఆయన వచ్చి రెండో పేజీలో నాలుగు వాక్యాలు కలపమన్నాడు. కలిపింది. అంతే, ఒక్కసారిగా గీతలూ నోట్లూ కదిలిపోయి తర్వాతి పేజీల నడిమధ్యకు వచ్చి కూర్చున్నాయి. ఎనభై పేజీల్లో ఒక్క నోటు కూడా తన చోట లేదు.  కరుణాకర్ పడీ పడీ నవ్వాడు. ఫుట్‌నోట్‌కు వేరే కమాండ్ ఉందని, అంకె ఎక్కడ కావాలో అక్కడ ఆ మీటలు నొక్కితే చాలని, అడుగున చోటు అదే వదులుకుంటుందని, గీత అదే కొట్టుకుంటుందని చూపించాడు. "నువ్వు లెక్క పెట్టొద్దక్కా. లెక్క అది పెడ్తాది" అన్నాడు.

పదిహేడేళ్ల విద్య రెండు మీటలకు సరిపోయింది. ఆ రోజు ఇంటికి పోయి ఆమె అన్నం తినలేదు. కానీ ఉన్నమాట చెప్పాలి, నెల తిరిగేసరికి ఆ మిషన్ అంటే ఆమెకు మోజు పుట్టింది. మధ్యలో ఒక నోటు తీసేస్తే కిందవన్నీ చకచకా తమ అంకెలు తామే దిద్దుకుంటుంటే, చిన్నపిల్ల గారడీ చూసినట్టు చూసేది. ఒకప్పుడు అరవై పేజీల శిక్ష, ఇప్పుడు రెప్పపాటు.

ఎనభై తొమ్మిదిలో చెన్నకేశవులు సారు పుస్తకానికి మోక్షం వచ్చింది. హైదరాబాదులో ఎవరో ప్రచురణకర్త దొరికాడు. పేజీలు కంప్యూటర్ మీద కొట్టించి పంపితే అచ్చు వేస్తానన్నాడు. సారు పాత థీసిస్ కాపీ తెచ్చి కృపావతికి ఇచ్చాడు. ఆమె మూడు వారాల్లో మొత్తం కొట్టింది. ఇంట్లో డెబ్భై ఎనిమిదేళ్ల సంజీవయ్యకు కాలు నిలవలేదు. రోజూ ఎన్నో అధ్యాయంలో ఉన్నావని అడిగేవాడు. పాస్టరుతో చెప్పాడు, కూరగాయల సరోజమ్మతో చెప్పాడు, ఆళ్లగడ్డ నుంచి ఎవరు వచ్చినా చెప్పాడు. తనకు కరువు సంగతులు చెప్పినవాళ్లంతా ఎప్పుడో చచ్చిపోయారు, అయినా వాళ్ల మనవళ్లకు కార్డులు రాశాడు. మీ జేజినాయన చెప్పింది అచ్చులోకి ఎక్కుతాంది, అని.

పేజీలు పంపాల్సిన రోజు పొద్దున సారు సెంటర్‌కు వచ్చాడు. పదకొండు గంటల బస్సుకు మనిషి పోతున్నాడు, ఈలోపల మూడు సవరణలు చేసి ప్రింటు తీసి ఇవ్వమన్నాడు. మొదటి రెండూ చిన్నవి. మూడోది రెండో అధ్యాయంలో ఐదో నోటు తీసేయడం.

కృపావతి చేయి ఆగింది. ఎందుకు సార్ అంది.

"చేతిరాత నోటు పుస్తకం, ఏ లైబ్రరీలోనూ దొరకదు. దాన్ని మొదట్లోనే అంత పొడుగున చూపిస్తే బాగుండదంటాన్నారు హైదరాబాదోళ్లు. మీ నాయన సంగతి ముందుమాటలో రాస్తాండా. ముందుమాటైతే అందరూ చదువుతారు."

"కింద ముప్పై ఎనిమిది ఉండాయి గదా సార్, అవి?"

"అవి అట్లే ఉండనీ. వాటి జోలికి పోవద్దు."

ముందుమాట అన్న మాటకు ఆమె మెత్తబడింది. పేజీ అడుగున ఉన్న పేరు పుస్తకం మొదటికి వస్తుంది, ఇంకేం కావాలి? పైగా ముప్పై ఎనిమిది చోట్ల నాయన ఉండనే ఉన్నాడు. గోడ గడియారంలో పది దాటింది. ఆమె ఐదో నోటు అంకె మీదికి పోయి మీట నొక్కింది. ఆరు ఐదైంది, ఏడు ఆరైంది, అట్లా నలభై మూడు నలభై రెండైంది. ప్రింటర్ కర్రుకర్రుమంటూ పేజీలు తోస్తుంటే, ఆమె నిలబడి ఒక్కొక్క పేజీలో పైన అంకె, కింద అంకె సరిపోయిందా లేదా అని పట్టి పట్టి చూసింది. అన్నీ సరిపోయాయి.

టైపు కొట్టేవాళ్ల కన్ను అట్లాంటిది. నోటు తన చోట ఉందా అని చూస్తుంది, నోటు ఏం చెబుతుందో చూడదు. పాత మిషన్ మీదైతే ఆ ముప్పై ఎనిమిదింటినీ మళ్లీ తన వేళ్లతో కొట్టాల్సి వచ్చేది, ఏ రెండోదో మూడోదో కొట్టేటప్పుడు గుండె గతుక్కుమనేది. ఇక్కడ ఆమె వేలు వాటిని తాకనే లేదు.

మూడు నెలలకు పుస్తకం వచ్చింది. సారు ఒక ప్రతి ప్యూన్ చేత ఇంటికే పంపాడు. ఆ సమయానికి కృపావతి సెంటర్‌లో ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సంజీవయ్య కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, భూతద్దం పట్టుకుని, పుస్తకం తెరిచి కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. ముందుమాట చూసినావా నాయనా అని ఆమె సంబరంగా అడిగింది. ఆయన చూశానన్నాడు. అందులో సారు గురువుగారున్నారు, సారు భార్య ఉంది, ప్రచురణకర్త ఉన్నాడు. "ఆళ్లగడ్డ ప్రాంతపు పెద్దలు" అని ఒక మాట ఉంది.

తర్వాత ఆయన రెండో అధ్యాయం తెరిచి ఒక నోటు మీద వేలు పెట్టాడు.

"ఇది చదువు."

"ఇబిడ్, నూటనలభై మూడో పేజీ."

"నూటనలభై మూడో పేజీ నాది. మా అవ్వ గంజితొట్టి కాడ సచ్చిపోయింది రాసినా ఆ పేజీలో. ఇబిడ్ అంటే పైనుండే ఆయనే అని నువ్వే గదా చెప్పింది. నేను పైకి పోతాండా, పోతాండా, అన్నీ ఇబిడ్‌లే. ఆఖరుకు యాడ తేలినా చూడు."

ఆయన వేలు నాలుగో నోటు దగ్గర ఆగింది. అక్కడ చెన్నకేశవులు పేరుంది, ఆయన వ్యాసం పేరుంది, పత్రిక పేరుంది.

"ఆ వ్యాసం తొమ్మిది పేజీలని ఆడనే ఏసినాడు. తొమ్మిది పేజీల దాంట్లో నూటనలభై మూడో పేజీ యాడిదమ్మా?"

కృపావతి వంగి వరసగా చూసింది. ముప్పై ఎనిమిదీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. ముప్పై ఎనిమిదీ సారువైపోయాయి. మునసబు బంధువులు గంజి గింజలు అమ్ముకున్న సంగతి, రాళ్లు కొట్టిన ఆడవాళ్ల పేర్లు, సంజీవయ్య అవ్వ చావు, అన్నీ రుద్రవరం ఆసామి తనకు తాను చెప్పుకున్నట్టు అచ్చయి కూర్చున్నాయి. హైదరాబాదులో చదువుకున్న ఏ పెద్దమనిషికీ ఆ లెక్క తప్పు కనపడలేదు. ఎక్కాలు చెప్పే అయ్యవారికి ఒక్క పూటలో కనపడింది.

మర్నాడు పొద్దున్నే ఆమె సారు ఇంటికి పోయింది. సారు వరండాలో పేపర్ చదువుతున్నాడు. కూర్చోమని, లోపలికి కేకేసి కాఫీ చెప్పాడు. మర్యాదకు ఏ లోటూ లేదు. ఆమె కూర్చోలేదు. ఐదో నోటు తీస్తే కిందివన్నీ నీ పేరుకు మారతాయని నీకు తెలుసు సార్, అందుకే వాటి జోలికి పోవద్దన్నావు, అని అడిగింది. అంత మాట ఆమె జీవితంలో ఎవరినీ అనలేదు. 

సారు కోప్పడలేదు. లోపలికి పోయి ఒక బట్టసంచి తెచ్చాడు. అందులో డెబ్భై తొమ్మిది నాటి ఆయన చేతిరాత ప్రతి, ఒక్క మూల కూడా నలగకుండా ఉంది. రెండో అధ్యాయం తీసి ఆమె ముందు పెట్టాడు.

"నా చేత్తో ముప్పై తొమ్మిది సార్లు రాసినా మీ నాయన పేరు. చూసుకో. ఈ ఎర్ర పెన్సిల్ ఎవరిది కృపావతమ్మా?"

ఆమె చూసింది. పేరు మీద ఎర్ర గీత, పక్కన తన రాతలో ఇబిడ్. కింద ఇంకొక పేరు, ఇంకొక ఎర్ర గీత. పేజీ తిప్పితే మళ్లీ అదే. ఎంత నీటుగా కొట్టేసింది! ఒక్క గీత కూడా వంకర పోలేదు.

తెలిసి చేశాడా, తెలియక చేశాడా అని ఇంకా అనుమానపడే పుణ్యాత్ములు ఉంటే ఉండవచ్చు. ఆమెకు మాత్రం అనుమానం లేదు. లేకపోయి మాత్రం ఏం ప్రయోజనం? ఎర్ర పెన్సిల్ ఆమెదే. సవరణ చీటీ ఒకటి అచ్చు వేసి పుస్తకాల్లో అతికించమంది. రెండో ముద్రణలో చూద్దామన్నాడు సారు. కరువు మీద రాసిన పుస్తకానికి రెండో ముద్రణ! కనీసం నోటు పుస్తకాలు తిరిగి ఇవ్వమంది. సారు, ఎనభై నాలుగులో ఇల్లు మారినప్పుడు వాటికి చెదలు పట్టిందని, పెద్దాయన బాధపడతాడని చెప్పలేదని అన్నాడు. తన చేతిరాత కాగితాలను జాగ్రత్తగా మళ్లీ బట్టసంచిలో సర్దుకున్నాడు.

ఎండలో నడుచుకుంటూ ఆమె ఇంటికి వచ్చింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఎర్ర పెన్సిల్ సంగతి నాయనకు చెప్పాలా వద్దా? చెప్పకపోతే ఆయన తిట్టుకోవడానికి సారొక్కడే ఉంటాడు, అంతటితో పోతుంది. కానీ ఆయన ఎదురుగా నిలబడేసరికి అబద్ధం నోటికి రాలేదు. అంతా చెప్పింది. సారు ప్రతిచోటా పేరు రాశాడని, తానే కొట్టేసి ఇబిడ్ పెట్టిందని, మిగిలిన ఒక్కటీ కూడా తన చేత్తోనే తీసేసిందని చెప్పింది. చెదల సంగతి కూడా దాచలేదు. నన్ను తిట్టు నాయనా అని ఏడ్చింది.

సంజీవయ్య భూతద్దాన్ని గుడ్డతో తుడిచాడు. పుస్తకం మూసి ఆమె వైపు జరిపాడు.

"తిట్టేదేందమ్మా. నోటు పుస్తకాలు వాని కాడ పోయినాయి. పేరు నీ కాడ పోయింది. వాడంటే పరాయోడు, నాలుగు దినాలు తిట్టుకుంటే తీరిపోతాది. నిన్నేం చేసేది నేను?"

ఆమె పుస్తకం తీసుకోవడానికి చెయ్యి చాపలేదు. ఆయన కూడా వెనక్కి తీసుకోలేదు.